పిల్లవాడి రాకెట్‌ను "లేనిదాన్ని చేశావు" అని పక్కన పెట్టించారు. సీ డ్రాగన్ నిజమా, కట్టుకథా?

కృష్ణలంక_నాన్న
మా అబ్బాయి తొమ్మిదో తరగతి. బడిలో సైన్స్ ప్రదర్శనకు వారం రోజులు అట్టలు కోసి, జిగురు పూసి ఒక రాకెట్ చేశాడు. పేరు సీ డ్రాగన్. పక్కన పట్టిక కూడా రాసి పెట్టాడు: పొడవు 150 మీటర్లు, వ్యాసం 23 మీటర్లు, బరువు 18,000 టన్నులు, ఒక్క ప్రయోగంలో 550 టన్నులు కక్ష్యకు. ప్రయోగ వేదిక లేదు, సముద్రంలో నిలబెట్టి వదులుతారు. ఒంటికి 8 మిల్లీమీటర్ల ఉక్కు ప్లేటు. సైన్స్ మాస్టారు చూసి "సినిమా కథలు తేవద్దు, ఇలాంటిది ఎక్కడా లేదు" అని బల్ల మీద నుంచి తీయించేశారట. వాడు రాత్రి అన్నం తినలేదు. నాకు తెలిసిన రాకెట్లన్నీ శ్రీహరికోటవే. మన ఎల్.వి.ఎం.3 పొడవు 43 మీటర్లని పేపర్లో చదివాను. దానికి మూడున్నర రెట్ల రాకెట్‌ను నీళ్లలో నిలబెడతారంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. నిజమైతే సోమవారం బడికి వెళ్లి మాట్లాడతాను. కాదంటే వాడికే నచ్చజెబుతాను. తెలిసినవాళ్లు చెప్పండి.

పటమట_పాతపుస్తకం
నిజమే. కాగితం మీద నిజం. 1962లో అమెరికాలో ఏరోజెట్ సంస్థలో రాబర్ట్ ట్రూయాక్స్ అనే ఇంజనీరు నడిపిన ప్రతిపాదన అది. ఆయన అంతకుముందు నౌకాదళంలో పనిచేసినవాడు, అందుకే ఆలోచన నీళ్ల వైపు పోయింది. మీ అబ్బాయి రాసిన పొడవు, వ్యాసం, బరువు, 550 టన్నులు, అన్నీ ఆ ప్రతిపాదనలోవే. ఎగరలేదు, అసలు కట్టనే లేదు. కాబట్టి మీ మాస్టారు "లేదు" అన్నదీ తప్పు కాదు, మీవాడు "ఉంది" అన్నదీ తప్పు కాదు.

మొగల్రాజపురం_మౌని
ఇద్దరిదీ తప్పు కాకపోతే అన్నం తినకపోవడం ఒక్కటే తప్పన్నమాట.

గుణదల_గణితం
పొడవు ఒక్కటే చూస్తే అసలు సంగతి తెలియదు. చంద్రుడి మీదికి మనుషులను పంపిన సాటర్న్ 5 పొడవు 110 మీటర్లు, బరువు సుమారు 2,900 టన్నులు. సీ డ్రాగన్ పొడవులో దానికి ఒకటిన్నర రెట్లు కూడా లేదు, బరువులో మాత్రం ఆరు రెట్లు. తేడా అంతా నడుములో ఉంది. సాటర్న్ 10 మీటర్లు, ఇది 23.

ఇక థ్రస్ట్, అంటే ఇంజన్ పైకి తోసే బలం. సాటర్న్ మొదటి దశలో ఐదు ఎఫ్-1 ఇంజన్లు కలిపి సుమారు 3,400 టన్నులు. సీ డ్రాగన్ మొదటి దశకు ఒకే ఒక్క ఇంజన్, 36,000 టన్నులు. మళ్లీ చదవండి, ఒకే ఒక్క ఇంజన్.

బ్రాడీపేట_నాలుగో_లైను
అందం అంతా అక్కడే ఉంది గణితం గారూ. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను, మా హాస్టల్ గోడ మీద దీని బొమ్మే ఉంది. రెండే దశలు, దశకు ఒక్కో ఇంజన్, ఎక్కడా టర్బో పంపు లేదు. మొదటి దశలో కిరోసిన్, ద్రవ ఆక్సిజన్. రెండో దశలో ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్. 81 సెకన్లలో మొదటి దశ పని అయిపోతుంది. అప్పటికి 40 కిలోమీటర్ల ఎత్తు, సెకనుకు 1.8 కిలోమీటర్ల వేగం. మిగతా పరుగంతా రెండో దశదే, 260 సెకన్లు మండుతుంది. రెండో దశ ఇంజన్ నాజిల్, అంటే మంట బయటికి వచ్చే గంట లాంటి నోరు, పైకి వెళ్లేకొద్దీ విచ్చుకుంటుంది. మొదటి దశ ముక్కు ఆ నాజిల్ లోపలే దూరి ఉంటుంది, పొడవు కలిసిరావడానికి. ఇంత సరళమైన రాకెట్ ఇంకొకటి చూపించండి.

కొత్తపేట_కాఫీ
టర్బో పంపు లేకపోతే ఇంధనం ఇంజన్‌లోకి ఎలా వెళుతుంది? నేను వాణిజ్యశాస్త్రం చదివినవాడిని, మామూలు మాటల్లో చెప్పండి.

మిర్చియార్డు_టిక్కీ
ఇది నేను చెబుతాను. మాది గుంటూరు, మిరప వ్యాపారం, కొంత సొంత సేద్యం కూడా. పాతకాలపు గాలి కొట్టే స్ప్రేయర్ చూశారా? మందునీళ్లు పోసి, మూత బిగించి, చేత్తో గాలి కొడతారు. తర్వాత మీట నొక్కితే లోపలి గాలే మందును నాజిల్‌లోకి తోస్తుంది. మోటారు లేదు, పంపు లేదు. కానీ డబ్బా గట్టిగా ఉండాలి, ఎందుకంటే గాలి ఒత్తిడి డబ్బా మొత్తం మీద పడుతుంది. ఇంజన్ స్ప్రేయర్ అలా కాదు, డబ్బా పల్చటి ప్లాస్టిక్ అయినా సరిపోతుంది, ఒత్తిడి అంతా పంపు దగ్గరే పుడుతుంది. బ్రాడీపేట బాబు చెప్పిన రాకెట్ మొదటి రకం అనుకుంటాను.

బ్రాడీపేట_నాలుగో_లైను
అంతే గురువుగారూ! మా ప్రొఫెసర్ రెండు క్లాసుల్లో చెప్పింది మీరు ఆరు వాక్యాల్లో తేల్చేశారు. గాలికి బదులు వేరే వాయువు, అంతే తేడా. మొదటి దశ కిరోసిన్ ట్యాంకులో వాతావరణ పీడనానికి 32 రెట్లు, మంట గదిలో 20 రెట్లు. ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, థ్రస్ట్ కూడా తగ్గుతుంది.

గుణదల_గణితం
అందుకే బయలుదేరేటప్పుడు థ్రస్ట్ బరువుకు రెట్టింపు పెట్టుకున్నారు. సాటర్న్‌కు ఒకటింబావు కూడా ఉండదు. స్ప్రేయర్ మొదట్లో దూరం కొట్టి, చివర్లో చుక్కలు రాల్చినట్లు.

ఆటోనగర్_ప్లేటు
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. బెజవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా ట్యాంకర్లు కడుతున్నాను. ఆ పట్టికలో ఒక్క మాట నాకు మింగుడు పడలేదు. 23 మీటర్ల వ్యాసం, లోపల 32 రెట్ల ఒత్తిడి, ప్లేటు 8 ఎం.ఎం. అంటారా? మేము పాల ట్యాంకర్లకు, నూనె ట్యాంకర్లకు ఐదు ఎం.ఎం. దాకా వాడతాం, వాటిలో ఒత్తిడే ఉండదు. కంప్రెసర్ గాలి ట్యాంకు మనిషి నడుమంత లావు కూడా ఉండదు, దానికే డిష్ ఎండ్లు (గిన్నెలా వంగిన మూతలు) పెట్టి, హైడ్రో టెస్టు (నీళ్లు నింపి ఒత్తిడి పరీక్ష) చేసి గానీ ఇవ్వం. ఎనిమిది ఎం.ఎం. ప్లేటుతో 23 మీటర్ల డ్రమ్ము చుట్టి అంత ఒత్తిడి పెడితే సీము దగ్గర చీరుకుంటుంది. సముద్రం దాకా కూడా పోనక్కర లేదు.

మొగల్రాజపురం_మౌని
మాస్టారి పక్షాన మొదటి సాక్షి వచ్చాడు.

బ్రాడీపేట_నాలుగో_లైను
అన్నా, మీ ట్యాంకర్ల ఇనుము వేరు, రాకెట్ ఉక్కు వేరు. అయినా 8 మిల్లీమీటర్లని చాలా చోట్ల రాసి ఉంది. ఓడల కార్ఖానాలో ఓడ ప్లేట్లతో కట్టవచ్చని ట్రూయాక్స్ వాదనే అది.

ఆటోనగర్_ప్లేటు
చాలా చోట్ల రాసి ఉంటే ప్లేటు మందం పెరగదు తమ్ముడూ.

గుణదల_గణితం
ప్లేటు గారి అనుమానాన్ని లెక్క కట్టి చూశాను. గొట్టం గోడలో లాగుడు ఎంతో తేల్చే సూత్రం ఇంటర్ పిల్లలు కూడా చేయగలిగినదే: పీడనాన్ని వ్యాసార్ధంతో గుణించి, గోడ మందంతో భాగించాలి. 32 రెట్ల వాతావరణ పీడనం అంటే సుమారు 3.2 మెగాపాస్కల్. వ్యాసార్ధం 11.5 మీటర్లు. మందం 8 మిల్లీమీటర్లు. జవాబు 4,600 మెగాపాస్కల్.

మామూలు ప్లేటు 250 దగ్గరే సాగడం మొదలుపెడుతుంది. నికెల్ కలిపిన మారేజింగ్ ఉక్కు, మన పి.ఎస్.ఎల్.వి. మొదటి దశ తొడుగుకు వాడేది, మహా అయితే 1,700 తట్టుకుంటుంది. ఆ ఉక్కుతోనైనా కనీసం 22 మిల్లీమీటర్లు కావాలి, అదీ భద్రతకు పిసరంత కూడా వదలకుండా. మామూలు ప్లేటుతో అయితే 147 మిల్లీమీటర్లు. మొదటి దశకు 8 మిల్లీమీటర్లు అసాధ్యం. రెండో దశలో మంట గది పీడనం 7 రెట్లే కాబట్టి అక్కడ మారేజింగ్ ఉక్కుతో 8 దగ్గరకు రావచ్చు. ఎవరో రెండో దశ అంకె తెచ్చి మొత్తం ఒంటికి అంటించి ఉంటారని నా ఊహ. ఊహే సుమా.

ఆటోనగర్_ప్లేటు
నేను లెక్క రాయలేదు, చేతికి తెలిసింది చెప్పాను. గణితం గారు కాగితం మీద పెట్టారు. సంతోషం.

కొత్తపేట_కాఫీ
ఒక సందేహం. పి.ఎస్.ఎల్.వి. తొడుగు ఎంత మందం ఉంటుంది? అది కూడా ఇంతేనా?

గుణదల_గణితం
మంచి ప్రశ్న. అది నిజంగానే 8 మిల్లీమీటర్లకు దగ్గర్లో ఉంటుంది. లోపల ఒత్తిడి సీ డ్రాగన్ కన్నా ఎక్కువే. కానీ దాని వ్యాసం 2.8 మీటర్లు. వ్యాసం పెరిగేకొద్దీ అదే ఒత్తిడికి గోడ మందం కూడా అదే పాళ్లలో పెరగాలి. ఇంట్లో వంట గ్యాస్ సిలిండర్ చూడండి. అడుగు పైచిలుకు వ్యాసం, రేకు మూడు మిల్లీమీటర్ల లోపే. దాన్నే 23 మీటర్ల లావు చేసి, అదే ఉక్కు, అదే ఒత్తిడి పెడితే రేకు కాస్తా జానెడు మందానికి చేరువవుతుంది.

మొగల్రాజపురం_మౌని
ఆ సిలిండర్ బుక్ చేస్తే ఎన్నాళ్లకు వస్తుందో!

బ్రాడీపేట_నాలుగో_లైను
సరే, 8 దగ్గర ఓడిపోయాను. హాస్టల్ గోడ మీద బొమ్మ కింద పెన్నుతో దిద్దేశాను. కానీ 25 మిల్లీమీటర్లే అనుకున్నా పథకం కూలిపోదు. మీటరు ఎత్తుకు 14 టన్నుల ఉక్కు పడుతుంది. మొదటి దశ 80 మీటర్లనుకుంటే పదకొండు వందల టన్నుల పైన. మొత్తం 18,000లో అది భరించలేనిదేమీ కాదు. మామూలు రాకెట్ ఒక్కో కిలో కోసం ఏడుస్తుంది. దీని పద్ధతి వేరు: బరువైనా సరే, చవగ్గా, మొద్దుగా, పెద్దగా కట్టు.

థర్మల్_పాతకాపు
ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో బాయిలర్ విభాగంలో పనిచేసి విరమించాను. మందపాటి ప్లేటు వెల్డింగు మాటల్లో చెప్పినంత తేలిక కాదు బాబూ. ముందు వేడి చేయాలి, పొర మీద పొర వేయాలి, ప్రతి అతుకూ ఎక్స్‌రే తీయాలి. కిలోమీటర్ల పొడవు అతుకులు. ఒక్కటి తేడా వస్తే మొత్తం పోతుంది. అయినా పనివాళ్లు దొరికితే చేయగలిగిన పనే. నన్ను ఆకట్టుకున్నది ఇంకొకటి. హైడ్రోజన్, ఆక్సిజన్ సముద్రం మీదే నీటిని విద్యుత్తుతో విడగొట్టి తయారుచేద్దామన్నారని, ఆ కరెంటుకు అణుశక్తితో నడిచే విమాన వాహక నౌకను వాడదామన్నారని చదివాను. నిజమేనా?

పటమట_పాతపుస్తకం
నిజమే. కిరోసిన్ ఒడ్డున నింపుకోవడం, పడవలతో లాక్కుపోవడం, అక్కడ మిగతావి తయారుచేసి నింపడం. కింద ఇంజన్‌కు తొడిగిన బరువు ట్యాంకులోకి నీళ్లు వదిలితే అడ్డంగా తేలుతున్నది నెమ్మదిగా నిటారుగా లేస్తుంది.

థర్మల్_పాతకాపు
అయితే లెక్క చూద్దాం. ఒక కిలో హైడ్రోజన్‌కు సుమారు 50 యూనిట్ల కరెంటు పడుతుంది. వెయ్యి టన్నులు అనుకుంటే ఐదు కోట్ల యూనిట్లు. ఆ రోజుల్లో అమెరికాకు ఉన్న అణు విమాన వాహక నౌక ఎంటర్‌ప్రైజ్. దాని మొత్తం శక్తి 2,80,000 అశ్వశక్తి, అంటే దాదాపు 210 మెగావాట్లు. మా పాత యూనిట్ ఒక్కటీ సరిగ్గా అంతే! ఆ యూనిట్ పది రోజులు నిద్ర లేకుండా తిరిగితే వెయ్యి టన్నులు. దాన్ని ద్రవం చేయడానికి ఇంకా కరెంటు కావాలి, అది వేరే. ఆలోచన పిచ్చిది కాదు. కానీ ఒక యుద్ధనౌకను పది పన్నెండు రోజులు గ్యాసు బట్టీగా నిలబెడతామంటే ఏ నౌకాదళాధికారి ఒప్పుకుంటాడు?

కొత్తపేట_కాఫీ
18,000 టన్నులది నీళ్లలో మునిగిపోదా? ప్రకాశం బ్యారేజీకి 2024 వరదలో పడవలు అడ్డం పడితే తీయడానికి రోజుల తరబడి తిప్పలు పడ్డాం. ఇంతదాన్ని సముద్రంలో ఎవరు తిప్పుతారు?

గుణదల_గణితం
మునగదు. 23 మీటర్ల లావు, 150 మీటర్ల పొడవు గొట్టమంటే సుమారు 62,000 ఘనపు మీటర్లు. కొసలు సన్నబడతాయి కాబట్టి కొంత తగ్గించుకోండి. అంత చోటు ఆక్రమించే వస్తువు బరువు 18,000 టన్నులే కాబట్టి మూడో వంతు కూడా మునగకుండా తేలుతుంది. మునగదన్నదే చిక్కు, నిలబెట్టాలంటే అడుగున బరువు కట్టాలి. ఇంకో సౌకర్యం చూడండి: తేలికైన హైడ్రోజన్ పై దశలో ఉంది, బరువైన కిరోసిన్, ఆక్సిజన్ కింది దశలో. అడుగు బరువు, తల తేలిక. సీసా అడుగున ఇసుక పోస్తే చెరువులో నిలబడ్డట్టు నిలబడుతుంది.

మిర్చియార్డు_టిక్కీ
బందరు దగ్గర వదలవచ్చన్నమాట!

థర్మల్_పాతకాపు
బందరు ఒడ్డు దగ్గర అంత లోతు ఉండదు స్వామీ. ముక్కు పైకి తేలి, తోక బురదలో దిగుతుంది.

మొగల్రాజపురం_మౌని
నేను చదివినంతలో తేలిందేమిటంటే, అంత పెద్ద ఇంజన్ వాళ్ల చేత కాలేదు, అందుకే మానేశారు. మిగతా లెక్కలన్నీ పెళ్లి కుదరకముందే పందిరి కొలతలు.

బ్రాడీపేట_నాలుగో_లైను
చేత కాలేదని ఎవరన్నారు? ప్రయత్నిస్తే కదా తెలిసేది. నీళ్లలోంచి వదలడం అయితే చేసి చూశారు. సీ బీ అని, వాడకుండా మిగిలిపోయిన ఏరోబీ అనే చిన్న రాకెట్‌ను నీటి అడుగున మండించారు. మళ్లీ మళ్లీ వాడారు కూడా. తర్వాత సీ హార్స్ అని కార్పొరల్ క్షిపణిని శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో ముందు నీటికి పైన, తర్వాత కొంచెం కొంచెంగా దించుతూ లోతులో మండించారు. ఇబ్బంది రాలేదు, పైగా మోత తగ్గింది. నాసా ఈ మొత్తం ప్రతిపాదనను టి.ఆర్.డబ్ల్యూ. సంస్థకు ఇచ్చి పరీక్ష చేయిస్తే, వాళ్లూ ఖర్చు అంచనాలు సరిగ్గానే ఉన్నాయన్నారు.

గుణదల_గణితం
మౌని గారి మాటలో సగం నిజం ఉంది, కాదనకు. ఆ క్షిపణుల థ్రస్ట్ ఎంత? కార్పొరల్ 9 టన్నులు. తొమ్మిది టన్నుల దగ్గర పనిచేసింది 36,000 టన్నుల దగ్గర పనిచేస్తుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు. ఎఫ్-1 ఇంజన్‌నే తీసుకో, దాదాపు 700 టన్నులు. దాని మంట గదిలో మంట స్థిరంగా నిలవక, ఒత్తిడి అలలు లేచి ఇంజన్లే ముక్కలయ్యేవి. లోపల చిన్న బాంబులు పేల్చి, మంట మళ్లీ సర్దుకుంటుందో లేదో చూసి, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ పలక మీద అడ్డుగోడలు మార్చి మార్చి, దాదాపు రెండు వేల పరీక్షలు చేస్తే గానీ దారికి రాలేదు. దానికి యాభై రెట్ల ఇంజన్‌కు పరీక్షా వేదిక ఎక్కడ కడతారు?

బ్రాడీపేట_నాలుగో_లైను
సముద్రమే వేదిక.

గుణదల_గణితం
పేలితే ముక్కలు ఏరడానికి కూడా సముద్రమే.

మిర్చియార్డు_టిక్కీ
మీరిద్దరూ ఇంజన్ దగ్గరే కొట్టుకుంటున్నారు. వ్యాపారి కళ్లతో నన్ను ఒక్క మాట చెప్పనివ్వండి. 550 టన్నులు అంటే టిక్కీకి (మిరప బస్తాకు) 45 కిలోలు వేసుకున్నా పన్నెండు వేల టిక్కీలకు పైన. సీజనులో మా యార్డుకు అది ఒక లెక్క కాదు. కానీ అంతరిక్షంలో ఆ సరుకు ఎవరిది? మొన్న మా మేనల్లుడు పెద్ద లారీ కొన్నాడు. బండి బాగుంది, టన్నుకు కిరాయి చవకే. కానీ నిండా సరుకు దొరికేదాకా వారం రోజులు యార్డు బయట నిలబడింది. టన్ను చవక అన్నది బండి నిండినప్పటి మాట. సగం ఖాళీగా పోతే చిన్న బండే లాభం. ఆ రోజుల్లో అమెరికా అయినా రష్యా అయినా ఏం పంపేవి?

పటమట_పాతపుస్తకం
టిక్కీ గారు అసలు చోట వేలు పెట్టారు. ఇప్పటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బరువు సుమారు 420 టన్నులు. 1998 నుంచి నలభైకి పైగా ప్రయోగాల్లో ముక్కలు ముక్కలుగా పంపి కట్టారు. సీ డ్రాగన్ ఉంటే మొత్తం ఒక్కసారే పట్టేది, ఇంకా చోటు మిగిలేది. 1960లలో అంత సరుకు ఎవరి దగ్గరా లేదు. అంగారకుడికి మనుషులు, చంద్రుడి మీద స్థావరం, ఇవన్నీ జరుగుతాయనుకుంటేనే ఈ బండికి పని. చంద్రుడి మీదికి మనుషులను పంపే అపోలో ఒక్కటే డబ్బంతా తాగుతోంది. నాసాలో భవిష్యత్ పథకాలు చూసే విభాగాన్నే మూసేశారు. దానితోపాటే ఇదీ పోయింది.

కొత్తపేట_కాఫీ
మన ఇస్రోలో ఇలా కాగితం మీదే ఆగిపోయినవి లేవా?

గుణదల_గణితం
యు.ఎల్.వి. అని ఒకటి అనుకున్నారు. మధ్యలో కిరోసిన్‌తో మండే సెమీ క్రయోజెనిక్ దశ ఒక్కటే ఉంచి, సరుకును బట్టి చుట్టూ చిన్నవో పెద్దవో బూస్టర్లు కట్టుకోవడం. టిక్కీ గారి సమస్యకు అది జవాబు, సరుకును బట్టి బండి. అది ఆ రూపంలో రాలేదు. దాని స్థానంలో కొత్త తరం వాహకనౌక వచ్చింది, 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది, దిగువ కక్ష్యకు 30 టన్నులు. 550 కాదు, 30. అవసరం ఎంతో అంత.

పటమట_పాతపుస్తకం
ట్రూయాక్స్ గురించి ఒక చిన్న ముచ్చట. ఇంత పెద్ద కల కన్న మనిషి తర్వాత 1974లో మోటారు సైకిల్ సాహసికుడు ఈవెల్ క్నీవెల్‌కు లోయ దూకడానికి ఆవిరి రాకెట్ కట్టి ఇచ్చాడు. మరుగుతున్న నీళ్లతో నడిచేది. పారాచూట్ ముందే తెరుచుకుని అది లోయలో పడింది, మనిషి బతికాడు.

మొగల్రాజపురం_మౌని
అంటే ఆయనది ఏదో ఒకటి ఎగిరింది. కాసేపు.

కృష్ణలంక_నాన్న
అందరికీ ధన్యవాదాలు. ఈ చర్చంతా అబ్బాయికి చదివి వినిపించాను. 8 మిల్లీమీటర్ల దగ్గర వాడి ముఖం మాడిపోయింది. కాసేపటికి వాడే కాగితం తెచ్చుకుని గణితం గారి లెక్క మళ్లీ చేశాడు. 4,600 వాడికీ వచ్చింది. సోమవారం ఇద్దరం వెళ్లాం. మాస్టారు పట్టికలో మొదట చూసింది ఆ 8 మిల్లీమీటర్లేనట! "ఇది నిలబడదు కాబట్టి మొత్తం కల్పన అనుకున్నాను" అన్నారు. లెక్క చూపిస్తే కూర్చోబెట్టి చదివారు. ప్రదర్శన అయిపోయింది కానీ, వచ్చే నెల మండల స్థాయిలో ఇంకొకటి ఉందట. దిద్ది తెమ్మన్నారు. కాకపోతే అట్ట వద్దు, నీళ్లలో నిలబెట్టి చూపించగలిగేది చేయమన్నారు.

గుణదల_గణితం
నూరో వంతు చేయండి. 150 సెంటీమీటర్ల పొడవు, 23 సెంటీమీటర్ల లావు.

ఆటోనగర్_ప్లేటు
225 ఎం.ఎం. పి.వి.సి. పైపు సరిగ్గా సరిపోతుంది, మా షెడ్డులో ముక్క ఒకటి పడి ఉంది. అడుగుకు రేకు మూత నేను చుట్టి ఇస్తాను, లోపల ఇసుక పోయడానికి బిరడా కూడా పెడతాను. డబ్బులు వద్దు. స్కూటర్ మీద మాత్రం రావద్దు, ఒకటిన్నర మీటరు పైపు బెంజి సర్కిల్ దగ్గర ఎవరి కంట్లోనో పొడుస్తుంది. ఆటోలో రండి. అబ్బాయిని తీసుకురండి, వాడే కొలవాలి.

మొగల్రాజపురం_మౌని
పైపు మందం ఎంత?